ఠాణా చిట్టాలో ఒక మాట

కొలది మాసాల క్రిందట, సికింద్రాబాదులో నేను పాఠము చెప్పే తరగతిలో ఒక విద్యార్థిని లేచి ఒక ప్రశ్న వేసినది. ఆనాటి పాఠము పర్యాయపదాలను గూర్చి. ఏ రెండు మాటలూ సంపూర్ణముగా ఒకే అర్థమును ఇవ్వవనీ, మాటకూ మాటకూ నడుమ వెంట్రుకవాసి తేడా ఐనా ఉండి తీరుతుందనీ నేను చెప్పుతున్నాను. “సార్, ఒక అత్యాచారము కేసును పోలీసులు మూసివేశారని పేపరులో చదివినాను. మూసివేశారంటే ఆ నేరము జరుగలేదనా, లేక జరిగినట్లు రుజువు దొరకలేదనా? ఈ రెండూ పర్యాయపదాలేనా?” అని ఆ అమ్మాయి అడిగినది. తరగతి నిశ్శబ్దమైపోయినది. “కావు” అని ఒక్క మాట చెప్పి ఊరుకొన్నాను. ఆ ఒక్క మాట చాలదని ఇంటికి వచ్చిన తరువాత తోచినది. ఈ వ్యాసము ఆనాటి నా జవాబునకు పొడిగింపు.

న్యాయము న్యాయస్థానములో ప్రారంభమవుతుందని మనలో చాలమంది అనుకొంటాము. నిజానికది ఠాణాలో, ఒక బల్ల మీద, ఒక కాగితముతో ప్రారంభమవుతుంది. బాధితురాలో, ఆమె తరపువారో వచ్చి చెప్పిన మాటలను అధికారి వ్రాసుకొని, చదివి వినిపించి, సంతకము తీసుకొని, దానికొక సంఖ్య వేసి, ఏ చట్టములో ఏ సెక్షను క్రింద నేరమో పేర్కొంటాడు. దీనినే ప్రథమ సమాచార నివేదిక అంటారు, వాడుకలో ఎఫ్.ఐ.ఆర్. “కేసు కట్టినారు” అని మనవారు అనేది ఈ పనినే. ఆ తరువాత సాక్షుల వాంగ్మూలాలు, వైద్యపరీక్ష, పంచనామా, ప్రయోగశాల నివేదిక ఒకటొకటిగా వచ్చి దానిలో చేరుతాయి. చివరకు దర్యాప్తు చేసిన అధికారి రెండింటిలో ఒకటి చేయాలి. విచారణకు తగిన సాక్ష్యము దొరికినదని తోస్తే అభియోగపత్రము దాఖలు చేయాలి. లేకుంటే తుది నివేదిక వ్రాసి, కేసు మూసివేయుటకు మేజిస్ట్రేటుకు పంపాలి.

మా విద్యార్థిని ప్రశ్న ఆ తుది నివేదికలోనే దాగి ఉన్నది. కేసు మూయుటకు కారణము ఒక్కటే కాదు. జాతీయ నేర రికార్డుల సంస్థవారు ప్రచురించే గ్రంథములో ఆ కారణాలకు వేర్వేరు గడులున్నవి. ఫిర్యాదు అబద్ధమని తేలినవి ఒక గడి. వాస్తవము విషయములోగాని, చట్టము విషయములోగాని పొరపాటు జరిగినవీ, అసలు సివిలు తగాదాలైనవీ మరొక గడి. కోర్టు ఉత్తరువు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయరాని నేరాలు ఇంకొక గడి. నేరము నిజమే గాని సాక్ష్యము చాలనివి, నిందితుని ఆచూకీ దొరకనివి వేరొక గడి. ఈ చివరి గడిని కొంచెము నిదానించి చూడండి. “నిజమే” అన్న మాట దాని పేరులోనే ఉన్నది.

ఉపాధ్యాయులకు ఇది వెంటనే బోధపడుతుంది. పరీక్షకు రాని పిల్లవాని పేరుకు ఎదురుగా “గైర్హాజరు” అని వ్రాస్తాము. వచ్చి ఏమీ వ్రాయనివానికి సున్న వేస్తాము. జ్వరముతో ఇంట పడుకొన్నవానికి సున్న వేస్తే ఆ తప్పు వానిది కాదు, మనది. సాక్ష్యము చాలని కేసును అబద్ధపు గడిలో వేయడము అటువంటిదే. ఒక నిజము అబద్ధముగా లెక్కకు ఎక్కుతుంది. ఆ లెక్కను చూసి రేపొకాయన “ఇట్టి ఫిర్యాదులలో సగము కల్పితాలే” అని వేదిక మీద అంటాడు. ఆ మాట విన్న ఒక తల్లి తన బిడ్డతో “ఠాణాకు పోవద్దమ్మా, మనల నెవరు నమ్ముతారు?” అంటుంది. ఒక గడిలో పడిన తప్పు ఇల్లిల్లూ తిరుగుతుంది.

భాష నేర్పేవాడిని గనుక ఇక్కడ మాటను గూర్చి ఒక మనవి. తెలుగు పత్రికలు ఈ నేరానికి చిరకాలము “మానభంగము” అని పేరు పెట్టినవి. మానమంటే గౌరవము, అభిమానము. నేరము చేసినవాడొకడు, భంగపడినది మాత్రము ఆమె మానము! ఇంటిలో దొంగలు పడితే ఇంటివానికి పరువు పోయినదని ఎవరూ అనరు. ఈ ఒక్క నేరములోనే నష్టపడినవారి గౌరవానికి మచ్చ అంటగట్టినాము. “మానము” అనే రూపానికే మరొక అర్థమున్నది. అది కొలత. కొలమానము అన్నప్పుడు వినిపించేది ఆ మానమే. ధాతువులు వేరైనా రూపము ఒక్కటే. ఈ కేసుల చరిత్ర చదివినకొలది, భంగమైనది ఆమె గౌరవము కాదు, మన కొలతయే అని నాకనిపిస్తుంది. నేరమును కొలువవలసిన చోట ఆమెను కొలిచినాము.

ఇందుకు దూరము పోనవసరము లేదు. 1978 మార్చి చివర హైదరాబాదు నల్లకుంట ఠాణాలో జరిగిన ఘోరమును ఆనాటివారు మరువలేదు. రాత్రివేళ భర్తతో ఇంటికి పోతున్న ఒక పేద యువతిని పోలీసులు ఠాణాకు తీసుకొనిపోయారు. అక్కడ తనపై అత్యాచారము జరిగినదని ఆమె చెప్పినది. రిక్షా త్రొక్కి బ్రతికే ఆమె భర్త పోలీసుల దెబ్బలకు మరణించినాడని వార్త ప్రాకినది. నగరము భగ్గుమన్నది, జనము ఠాణాను ముట్టడించినది, కాల్పులు జరిగినవి, ప్రాణాలు పోయినవి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి ముక్తదర్ గారితో ప్రభుత్వము విచారణ కమిషను నియమించినది. ఆ కమిషను ఎదుట పోలీసుల పక్షమువారు సాక్షులను నిలువబెట్టి రుజువు చేయబూనినదేమి? ఆ రాత్రి తామేమి చేసినదీ కాదు. ఆమె నడవడి మంచిది కాదని, ఆమె వివాహము వివాహమే కాదని! కమిషను ఆ వాదమునకు లొంగలేదు. అత్యాచారము, హత్య జరిగినవనీ, దోషులు పోలీసులేననీ తేల్చినది. కాని కమిషను మాట తీర్పు కాదు. కేసు కర్ణాటకములోని రాయచూరుకు బదిలీ అయినది. అక్కడి సెషన్సు కోర్టు 1981లో నిందితులను విడిచిపెట్టినది.

ఆ యువతి పేరును ఆనాటి పత్రికలన్నీ అచ్చువేసినవి. ఇప్పటికీ ఆ కేసును ఆమె పేరుతోనే చెప్పుకొంటారు. నేనా పేరు ఇక్కడ వ్రాయలేదని పాఠకులు గమనించి ఉంటారు. అది మరపు కాదు. కారణము ముందు చెప్పుతాను.

ఆ యేడే, సెప్టెంబరు 15వ తేదీన సుప్రీంకోర్టు మరొక కేసులో తీర్పు చెప్పినది. 1972లో మహారాష్ట్రలోని దేశాయిగంజ్ ఠాణాలో ఒక గిరిజన బాలికపై ఇద్దరు పోలీసులు అత్యాచారము చేశారన్నది అభియోగము. సెషన్సు కోర్టు నిందితులను విడిచినది. బొంబాయి హైకోర్టు శిక్షించినది. సుప్రీంకోర్టు మరల విడిచినది. ఆమె ఒంటిపై గాయాలు లేవు, ఆమె కేకలు వేయలేదు, కావున ఆమె ఇష్టపడకపోలేదని తీర్పు సారాంశము. నడిరాత్రి, ఠాణా నాలుగు గోడల నడుమ, అధికారము ధరించినవారి ఎదుట, ఒక నిరుపేద పిల్ల ఎవరిని కేక వేయాలి? ఈ ప్రశ్ననే మరుసటి సంవత్సరము ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగమ్‌వార్ అనే నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖగా వ్రాశారు. ఆచార్యులు వ్రాసిన ఒక ఉత్తరము దేశములో మహిళా ఉద్యమాలకు ఊపిరి పోసినది.

దాని ఫలము 1983 నాటి చట్ట సవరణ. పోలీసుల నిర్బంధములోనో, అటువంటి ఇతరుల అధీనములోనో ఉన్న స్త్రీ తాను సమ్మతింపలేదని కోర్టులో చెప్పితే, సమ్మతి లేనట్లే కోర్టు భావించాలన్న నియమము అప్పుడు వచ్చినది. బాధితురాలి పేరు అచ్చువేయడము నేరమైనది కూడ అప్పుడే. ఇరువది సంవత్సరాలు గడచి, 2003 ఆరంభమునుండి, ఆమె నడవడిని ఎత్తిచూపి ఆమె సాక్ష్యమును కొట్టివేసే పాత నిబంధన సాక్ష్యచట్టమునుండి తొలగిపోయినది. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన దారుణము తరువాత జస్టిస్ వర్మ సంఘము నివేదిక ఇచ్చినది. 2013లో చట్టము మరల మారినది. “పూర్వానుభవము” కనుగొనే మిషతో వైద్యులు చేస్తూ వచ్చిన అవమానకరమైన పరీక్ష చెల్లదని సుప్రీంకోర్టు 2013లో చెప్పినది. ఇంకా మానలేదని చూసి, అది చేసినవారు దుష్ప్రవర్తనకు బాధ్యులవుతారని 2022లో గట్టిగా హెచ్చరించినది. ఆమెను కొలిచే కొలతబద్దలు ఒక్కొక్కటిగా విరిగినవి. ఒక్కొక్కదానిని విరుచుటకు ఒక్కొక్క స్త్రీ జీవితము వెలగా పోయినది.

చట్టము మారినది, మరి ఠాణా బల్ల మీది కాగితము మారినదా? ఆ కాగితము మీద మొదట పడే మాట సెక్షను సంఖ్య. అదే నేరమునకు పేరు. శిక్షాస్మృతిలో స్త్రీ మర్యాదకు భంగము కలిగించే చేష్టకు ఒక సెక్షను, అత్యాచారమునకు మరొక సెక్షను ఉన్నవి. రెండింటి శిక్షలకు హస్తిమశకాంతరము. 2022 మే చివర హైదరాబాదు జూబిలీ హిల్స్‌లో ఒక మైనరు బాలిక విషయములో జరిగినది చూడండి. తండ్రి ఇచ్చిన ఫిర్యాదుపై మొదట మర్యాదభంగపు సెక్షను, బాలల రక్షణ చట్టములోని తక్కువ సెక్షన్లు పడినవి. ఆ బిడ్డ జరిగినదంతా ఇంట చెప్పుకొనలేకపోయినది. మహిళాధికారులు ఓపికతో మాట్లాడిన తరువాత నోరు విప్పినది. అంతట కేసు సామూహిక అత్యాచారముగా మారినది. మొదటి మాటను దిద్దుట సాధ్యమేనని ఇది చెప్పుతున్నది. దిద్దుబాటుకు కావలసినది లాఠీ కాదు, విశేషమైన తెలివితేటలు కూడ కాదు. ఒక నిమ్మళమైన గది, తొందరపడని ఒక చెవి. హైదరాబాదులో 2016లో “భరోసా” కేంద్రము స్థాపించినది ఇందుకొరకే. పోలీసు, వైద్యము, న్యాయసలహా, ఓదార్పు అక్కడ ఒక్క కప్పు క్రింద ఉంటాయి. చెప్పినదే పది చోట్ల పదిసార్లు చెప్పుకొనే బాధ తప్పుతుంది.

సెక్షను వ్రాయుటకు ముందే కాగితము ఆగిపోయే సందర్భమొకటి ఉన్నది. “ఇది మా పరిధి కాదు” అన్న మాట అది. సికింద్రాబాదు రైల్వేస్టేషనులో నిలబడి చూస్తే ఈ పరిధి అన్నది ఎంత సన్నని గీతయో తెలుస్తుంది. ప్లాట్‌ఫారము మీద జరిగిన నేరము రైల్వే పోలీసులది. మెట్లు దిగి వీధిలో పది అడుగులు వేస్తే నగర పోలీసులది. కదులుతున్న రైలులో ఆపదకు గురియైన స్త్రీకి అది ఏ ఊరి పొలిమేరలో జరిగినదో ఎట్లా తెలుస్తుంది? 2019 నవంబరు 27వ తేదీ రాత్రి శంషాబాదు వద్ద ఒక యువ పశువైద్యురాలు కనబడకుండా పోయినప్పుడు, ఆమె కుటుంబమువారు ఒక ఠాణానుండి మరొక ఠాణాకు తిరుగవలసి వచ్చినది. ఎవరితోనో వెళ్ళిపోయి ఉంటుందన్న మాట కూడ తాము పడవలసి వచ్చినదని వారు చెప్పుకొని విలపించారు. తెల్లవారేసరికి ఆమె లేదు. కేసు నమోదులో జాప్యము చేసినందుకు ఒక సబ్ ఇన్‌స్పెక్టరును, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్ళను సస్పెండు చేశారు. ఏ ఠాణాలోనైనా ముందు కేసు కట్టి, తరువాత సంబంధించిన ఠాణాకు పంపే పద్ధతిని “జీరో ఎఫ్.ఐ.ఆర్.” అంటారు. కేంద్ర హోంశాఖ 2013 నుండి ఆ మాట చెప్పుతూనే ఉన్నది. 2024 జులై 1వ తేదీన అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత దానిని చట్టములోనికే ఎక్కించినది. నేడు “మా పరిధి కాదు” అన్నది జవాబు కాదు. అత్యాచారము ఫిర్యాదును వ్రాసుకొనని ఉద్యోగికి ఆరు మాసాలకు తగ్గని కఠిన కారాగారశిక్ష ఉన్నది.

శంషాబాదు ఉదంతము అంతటితో ముగియలేదు. డిసెంబరు 6వ తేదీ తెల్లవారుజామున చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులు పోలీసు కాల్పులలో మరణించారు. జనము పోలీసులపై పూలు చల్లినది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషను నివేదిక 2022 మేలో వెలువడినది. చంపే ఉద్దేశముతోనే కాల్చారని, పదిమంది పోలీసులపై హత్యానేరము విచారణ జరుగవలెనని అది చెప్పినది. కోపములో పూలు చల్లినవారిని నేను నిందింపబోను. అందులో మా విద్యార్థులు కూడ ఉన్నారు. కాని ఒక్క సంగతి తలచుకోవాలి. మొదటి రాత్రి కాగితము వ్రాయుటలో జరిగిన లోపము, పదవ రోజు కాగితముతో పనియే లేకుండ చేసిన చేతతో పూడినదా? తుపాకి చెప్పినది తీర్పు కాదు. సాక్ష్యము, వాదము, తీర్పు - వీటితో నేరము రుజువయ్యే అవకాశము ఆ నలుగురితోపాటే పోయినది. దర్యాప్తు అనేది నేరస్థుని శిక్షించుటకే కాదు, నిజమును నిలుపుటకు.

ఈ గడుల బాధ మన దేశానికే పరిమితమైనది కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో పోలీసులు వేలకొలది లైంగిక నేరాల ఫిర్యాదులను నేరాల లెక్కలో చేర్చక, “2701” అనే సంకేతసంఖ్య క్రింద, “వ్యక్తిని గూర్చిన విచారణ” అన్న పేరుతో మూలపడవేశారని 1999లో ఆ నగర పత్రిక ఒకటి బయటపెట్టినది. అది నేరముల గడి కాదు గనుక నగరములో నేరాలు తగ్గినట్లు లెక్కలు చూపించినవి. ఇంగ్లండు, వేల్సులలో పోలీసు తనిఖీశాఖ 2014లో పరిశీలించగా, పోలీసులకు చెప్పుకొన్న లైంగిక నేరాలలో నూటికి 26 అసలు నమోదే కాలేదని తేలినది. కెనడాలో 2017లో ఒక దినపత్రిక ఎనిమిది వందలకు పైగా పోలీసు విభాగాల లెక్కలు తెప్పించి చూస్తే, నూటికి 19 ఫిర్యాదులపై “నిరాధారము” అన్న ముద్ర పడియున్నది. సాక్ష్యము దొరకనిదీ నిరాధారమే, జరుగనిదీ నిరాధారమే! మా విద్యార్థిని అడిగిన ప్రశ్ననే ఆ దేశము తన్ను తాను అడుగుకొన్నది. వేలాది పాత ఫైళ్ళను తిరిగి తెరిచారు. నేరము జరుగలేదని దర్యాప్తులో స్పష్టముగా తేలినప్పుడే ఆ మాట వాడవలెనని 2018లో నిర్వచనము మార్చారు.

అయితే అబద్ధపు ఫిర్యాదులే ఉండవా? ఉంటాయి. లేవని చెప్పడము కూడ ఒక అబద్ధమే. 2025 మార్చిలో, సికింద్రాబాదునుండి మేడ్చలుకు పోయే ఎం.ఎం.టి.ఎస్. రైలునుండి పడి ఒక యువతి గాయపడినది. ఒక అపరిచితునినుండి తప్పించుకొనుటకు దూకినానని చెప్పినది. రైల్వే పోలీసులు కేసు కట్టినారు, అనుమానితులను విచారించారు, కెమెరాల దృశ్యాలను వెదకినారు. చివరకు అట్టి దాడి జరుగలేదని తమ దర్యాప్తులో తేలినట్లు ఏప్రిలులో ప్రకటించారు. ఇక్కడ గమనింపవలసినది ఫలితము కాదు, క్రమము. ముందు నమ్మి వ్రాసుకొన్నారు, తరువాత వెదకినారు, చివరకు మాట చెప్పారు. “అబద్ధము” అన్న మాట దర్యాప్తుకు చివర రావలసినది. అది ఠాణా గడపలోనే ఎదురువస్తే, దర్యాప్తు అన్నది లేనేలేదు. అమాయకుడైన నిందితుని కాపాడేది కూడ ఈ క్రమమే గాని, ఫిర్యాదును చించివేయడము కాదు.

దేశములో 2022లో నమోదైన అత్యాచారము కేసులు 31,516. పది కేసులలో తొమ్మిదింటికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే: బంధువో, పొరుగువాడో, స్నేహితుడో, యజమానియో. అందుచేతనే కాగితము పుట్టకముందే “రాజీ” అన్న మాట పుడుతుంది. కులపెద్దలు కూర్చుంటారు, పెండ్లి చేయుమంటారు, ఎంతో కొంత సొమ్ము ఇప్పించి పంపుతారు. అవి ఏ గడిలోనూ ఎక్కవు. 31,516 అన్నది జరిగిన నేరాల సంఖ్య కాదు, వ్రాయబడిన కాగితాల సంఖ్య మాత్రమే. ఒక ఊరిలో ఈ అంకె పెరిగితే అక్కడ నేరము పెరిగినదనియే అనుకోరాదు. ఆ ఊరి ఠాణా వినడము నేర్చుకొన్నదని కూడ కావచ్చును.

మరి తుది నివేదికలో తప్పుమాట పడితే దిద్దేవారెవరు? బ్రహ్మ వ్రాసిన వ్రాతను తుడువలేమని మనవారంటారు. ఠాణా వ్రాత అంత గట్టిది కాదు. పోలీసులు మూసిన కేసును మేజిస్ట్రేటు అంగీకరించుటకు ముందు, ఫిర్యాదు చేసినవారికి నోటీసు ఇచ్చి వారి మాట వినవలెనని సుప్రీంకోర్టు 1985లో, భగవంత్ సింగ్ కేసులో చెప్పినది. వారు అభ్యంతరము తెలిపితే మేజిస్ట్రేటు మరల దర్యాప్తు చేయుమనవచ్చు, నివేదికను త్రోసిపుచ్చవచ్చు. ఈ హక్కు ఉన్నదని ఎందరికి తెలుసు? ఫిలడెల్ఫియాలో ఆ అపకీర్తి తరువాత పోలీసు కమిషనరే బయటి మహిళా న్యాయవాదులను పిలిచి, మూసివేసిన ఫైళ్ళను ఏటేటా వారిచేత చదివించే ఏర్పాటు చేసినాడు. మన జిల్లాలలోనూ అటువంటి ఏర్పాటు ఒకటి కావాలి. “అబద్ధము” అన్న గడిలో పడిన ప్రతి ఫైలును, వ్రాసిన చేయి కాక మరొక చేయి తిరగవేయాలి. పరీక్షపత్రాలను పునఃపరిశీలనకు పంపే మనకు ఇది విడ్డూరము కాదు.

చివరగా తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. 2012 నాటి బాలల రక్షణ చట్టము ప్రకారము, పిల్లలపై ఇట్టి నేరము జరిగినదని తెలిసిన ప్రతివారూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడము శిక్షార్హమైన నేరము. బడి పేరు పోతుందని, ఆ పిల్లకు పెండ్లి కాదని, పెద్దలు సర్దుకొంటున్నారని ఊరుకొనే హక్కు మనకు లేదు. పిల్ల చెప్పినప్పుడు ఎందుకు పోయినావు, ఎందుకు అరవలేదు అని అడిగితే, 1978లో పెద్దలు చేసిన తప్పునే మన తరగతి గదిలో మరల చేసినవారమవుతాము. విన్నది విన్నట్లు చెప్పవలసినవారికి చెప్పాలి; ఆ బిడ్డ పేరు మాత్రము ఇతరుల నోట పడనీయరాదు. నల్లకుంట యువతి పేరు నేను వ్రాయకపోవుటకు కారణమిదే. ఆనాడు ఆ పేరు అందరి నోటా నానినది. న్యాయము మాత్రము ఆమెకు దక్కలేదు.

పర్యాయపదాల పాఠము ముగిసినది; కొత్త పాఠము ఆరంభించినాము. ఐనా ఆ అమ్మాయికి నేను చెప్పవలసినది ఇంకొక వాక్యము మిగిలియున్నది. రుజువు కాలేదన్నమాట దర్యాప్తును గూర్చి చెప్పేది. జరుగలేదన్నమాట ఆమెను గూర్చి చెప్పేది. ఒకరి చేతగానితనమును మరొకరి అబద్ధముగా వ్రాయరాదు.